లారీకీ ఒక చరిత్ర ఉంది: పాత గేరుబాక్సును గుర్తుపట్టే విద్యను తుక్కులో కలపొద్దు

2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ పాతకాలపు వాహనాల కోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా నిలిచిన వాహనానికి 'వింటేజ్' గుర్తింపు, వేరే వరుసలో నంబరు ఇస్తారు. ఈ మర్యాద ద్విచక్ర వాహనాలకు, సొంత వాడకపు కార్లకు మాత్రమే దక్కింది. లారీకి అందులో చోటు లేదు. ఆ మరుసటి నెలలోనే వాహనాల తుక్కు విధానం ప్రారంభమైంది. పాత లారీకి ఒక తలుపు మూసి మరో తలుపు బార్లా తెరిచినట్టయింది.

లారీల మీద ఇంత చిన్నచూపు తగదు. దేశంలో మోటారు పరిశ్రమ వేళ్లూనుకున్నదే లారీల మీద. 1954లో టెల్కో, జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో చేతులు కలిపి జంషెడ్‌పూర్‌లో టాటా-మెర్సిడెస్ లారీలు మొదలుపెట్టింది. మద్రాసు దగ్గర ఎన్నూరులో అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్‌గా మారి, కామెట్ లారీలతో ఊరూరికీ తెలిసిన పేరైంది. ప్రీమియర్ ఆటోమొబైల్స్ అమెరికా క్రైస్లర్ సహకారంతో డాడ్జ్, ఫార్గో లారీలను ఇచ్చింది. ధాన్యం బస్తాలైనా, గుంటూరు మిర్చి టిక్కీలైనా, సింగరేణి బొగ్గైనా ఊరు దాటింది ఇలాంటి బండ్ల మీదే. కారు కొందరిది. లారీ తెచ్చిన సరుకు ప్రతి ఇంటికీ చేరింది.

అయితే లారీకి వింటేజ్ గుర్తింపు ఇమ్మని అడిగే ముందు ఒక చిక్కు ప్రశ్నకు జవాబు చెప్పాలి. 'అసలు రూపం' అంటే ఏమిటి? లారీ పని చేసి బతికిన యంత్రం. పెట్రోలు ఇంజన్ ఖర్చు భరించలేక డీజిల్ ఇంజన్ పెట్టించుకున్న బండ్లు ఎన్నో. ఇంజన్ మారితే క్లచ్ మారుతుంది, గేరుబాక్సు కూడా మారవచ్చు. దారిలో పాడైతే దొరికిన బాక్సును బిగించి బండిని ఇంటికి చేర్చిన రోజులవి. కాబట్టి యాభై, అరవై ఏళ్ల లారీ కింద దూరి చూస్తే కనిపించే ఆ ఇనుప పెట్టె ఏ కంపెనీది, ఏ కాలానిది, ఆ బండితోనే పుట్టిందా అన్నది పరిశోధించి తేల్చాల్సిన సంగతి. ఈ పరిశోధన పక్కా విజ్ఞానశాస్త్ర పద్ధతిలో సాగుతుంది. ఆధారాలు పోగు చెయ్యాలి, ఊహ కట్టాలి, కొలిచి చూడాలి, సరిపడకపోతే ఊహను వదులుకోవాలి.

ఇల్లు చూస్తే సరిపోదు

మొదట అందరూ వెతికేది నంబరు కోసం. పాత గేరుబాక్సుల మీద రెండు రకాల నంబర్లు ఉంటాయి. పోత పోసేటప్పుడే అచ్చులోంచి ఉబ్బెత్తుగా వచ్చినవి ఒక రకం. తయారయ్యాక సుత్తితో కొట్టి లోతుగా దించినవి రెండో రకం. కొన్నింటికి చిన్న లోహపు బిళ్ల రివెట్లతోనో మూత బోల్టు కిందో బిగించి ఉంటుంది. ఆ బిళ్ల దొరికితే పని సులువవుతుంది. కానీ ఒకసారి మూత విప్పిన మెకానిక్ దాన్ని తిరిగి పెట్టకపోతే ఇక అంతే.

చాలామంది పొరబడేది ఉబ్బెత్తు నంబరు దగ్గర. అది పెట్టె పోతకు చెందిన నంబరు. లోపలి గేర్ల సంగతి అది చెప్పదు. ఒకే పోత పెట్టెలో వేర్వేరు గేర్ల జతలు బిగించి, వేర్వేరు లారీలకు అమ్మడం కంపెనీలకు మామూలే. 'ఇల్లు చూసి ఇల్లాలిని చూడు' అన్న సామెత ఇక్కడ పనిచెయ్యదు. ఇల్లు ఒకటే అయినా కాపురం వేరు కావచ్చు.

పెట్టె ఆకారం మాత్రం మంచి సాక్షి. మూతకు ఎన్ని బోల్టులు, గేరు రాడ్డు మూత పైనుంచి దిగిందా పక్కనుంచి వచ్చిందా, బెల్ హౌసింగ్ విడిగా ఉందా, బాక్సు వెనక చేతి బ్రేకు డ్రమ్ము ఉందా అన్నవి ముందు రాసుకోవాలి. పక్కన మూసిన కిటికీ లాంటి పలక ఉంటే దాని బోల్టులు కూడా లెక్కపెట్టాలి. టిప్పరు తొట్టిని ఎత్తే హైడ్రాలిక్ పంపుకు శక్తిని తీసుకునేది ఆ కిటికీ నుంచే. అమెరికా ప్రమాణాల్లో ఇది ఆరు బోల్టులది, ఎనిమిది బోల్టులది అని రెండు ప్రధాన రకాలు. అది ఎడమ పక్క ఉందా, కుడి పక్క ఉందా, రెండు పక్కలా ఉందా అన్నది కూడా గుర్తే. ఇవన్నీ అనుమానితుల జాబితాను కుదిస్తాయి. తీర్పు చెప్పడానికి మాత్రం ఇవి చాలవు.

సుద్దముక్క, పది చుట్లు

తీర్పుకు పనికొచ్చే ఆధారం గేరు నిష్పత్తి. వెనక షాఫ్ట్ ఒక్క చుట్టు తిరగాలంటే ముందు షాఫ్ట్, అంటే ఇంజన్ వైపుది, ఎన్ని చుట్లు తిరగాలి అన్నదే నిష్పత్తి. బాక్సును కిందికి దించి ఉంటే దీన్ని కొలవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. రెండు షాఫ్టుల మీద సుద్దముక్కతో గీత గీసి, ఫస్టు గేరు వేసి, చేత్తో తిప్పుతూ లెక్కపెడితే చాలు.

అయితే ఎన్ని చుట్లు లెక్కపెట్టాలి? పాఠశాల భౌతికశాస్త్రం ఇక్కడ అక్కరకొస్తుంది. అమెరికాలో జనరల్ మోటార్స్ లారీలకు 1967 వరకు వచ్చిన ఎస్ఎం 420 బాక్సులో ఫస్టు గేరు నిష్పత్తి 7.05. 1968 నుంచి దాని స్థానంలో వచ్చిన ఎస్ఎం 465లో 6.55. వెనక షాఫ్టును ఒక్క చుట్టే తిప్పితే ఈ రెండింటికీ తేడా అర చుట్టు. గీత కొంచెం అటూ ఇటూ అయినా, పాత బాక్సుల్లో పళ్ల మధ్య ఉండే వదులు తోడైనా, కొలత మీద నమ్మకం సడలుతుంది. అదే వెనక షాఫ్టును పది చుట్లు తిప్పితే ముందు షాఫ్ట్ ఒకదానిలో 70.5 చుట్లు, మరోదానిలో 65.5 చుట్లు తిరుగుతుంది. తేడా ఐదు చుట్లు. చేతి పొరపాటు అప్పుడూ అంతే ఉంటుంది, తేడా మాత్రం పదింతలవుతుంది. లోలకం డోలన కాలాన్ని ఒక్క ఊపుకు కాక ఇరవై ఊపులకు కొలిచి భాగించమని ప్రాక్టికల్ తరగతిలో చెప్పేది ఇందుకే.

ఇంకా దగ్గరగా ఉండే జతలూ ఉన్నాయి. వార్నర్ కంపెనీ టి-98లో తరచుగా కనిపించే రకానికి ఫస్టు గేరు 6.40. దాని తర్వాత వచ్చిన టి-18లో తక్కువ వేగపు ఫస్టు గేరున్న రకానికి 6.32. పది చుట్లకు 64.0, 63.2. తేడా ముప్పాతిక చుట్టు పైనే. ఓపికుంటే సుద్దముక్క దాన్నీ పట్టిస్తుంది. అక్కడి పాత లారీల అభిమానులు ఇంత నమ్మకంగా బాక్సుల పేర్లు చెప్పగలగడానికి కారణం, కొలిచిన అంకెను పోల్చి చూసుకోవడానికి ఒక పట్టిక ఉండటం. పోల్చడానికి ఏమీ లేకపోతే ఎంత బాగా కొలిచినా అది ఒంటరి అంకెగానే మిగులుతుంది.

పళ్లు అబద్ధం చెప్పవు

మూత విప్పే వీలుంటే ఇంకా గట్టి సాక్ష్యం దొరుకుతుంది. అది గేర్ల పళ్ల లెక్క. నంబరు బిళ్ల ఊడిపోతుంది, ఉబ్బెత్తు అక్షరాలు తుప్పు పడతాయి, రంగు ఎవరైనా వేస్తారు. పళ్ల సంఖ్య మాత్రం గేరు ఉన్నంతకాలం మారదు. అది పూర్ణాంకం కూడా. పదిహేడున్నర పళ్ల గేరు ఉండదు.

ఉదాహరణకు ముందు షాఫ్ట్ గేరుకు 17 పళ్లు, దానితో కలిసే లే షాఫ్ట్ గేరుకు 43 పళ్లు ఉన్నాయనుకుందాం. ఫస్టు గేరు కోసం లే షాఫ్ట్ మీద 13 పళ్ల గేరు, వెనక షాఫ్ట్ మీద 34 పళ్ల గేరు ఉన్నాయనుకుందాం. నిష్పత్తి 43/17ని 34/13తో గుణిస్తే వస్తుంది, అంటే సుమారు 6.62. సుద్దముక్కతో కొలిచిన అంకె దీనికి సరిపోతే రెండు ఆధారాలు ఒకదాన్ని ఒకటి బలపరిచినట్టే. సరిపోకపోతే ఎక్కడో లెక్క తప్పింది, లేదా గేర్ల జత పూర్తిగా ఒకే బాక్సుది కాదు.

17, 43 సంఖ్యలకు 1 తప్ప ఉమ్మడి భాజకం లేదు. ఇలాంటి జతలో ఒక గేరులోని ప్రతి పన్నూ రెండో గేరులోని ప్రతి పన్నునూ వంతులవారీగా తాకుతుంది. అందుకే ఒక పన్ను లోపం ఒకేచోట గుంత పెట్టకుండా అరుగుదల అందరికీ సమానంగా పంచుకుంటుంది. అదే 16, 48 అయితే చిన్న గేరులోని ప్రతి పన్నూ ఎప్పుడూ అవే మూడు పళ్లను తాకుతుంది. అరవై ఏళ్ల కిందటి ఇంజనీరు ఏ సంఖ్యలు ఎంచుకున్నాడో చూస్తే అతని ఆలోచన కూడా తెలుస్తుంది. తుక్కు కొలిమిలో కరిగిపోయేవాటిలో ఆ ఆలోచన కూడా ఉంది.

చెవికి, కాలికి తెలిసినది

బాక్సు విప్పకుండానే పేరు చెప్పే మెకానిక్‌లు విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు చేసేది మాయ కాదు. చాలావరకు వినికిడి, స్పర్శ.

పళ్లు నేరుగా కోసిన గేర్లలో పన్ను మొత్తం ఒకేసారి తాకుతుంది కాబట్టి కూత పెడతాయి. ఏటవాలుగా కోసిన గేర్లలో తాకిడి ఒక అంచు నుంచి మరో అంచుకు జారుతుంది కాబట్టి నిశ్శబ్దంగా ఉంటాయి. ఇప్పటి కార్లలో కూడా చాలావాటికి రివర్సు గేరు మాత్రం కూయడానికి కారణం అదే. ఆ కూత స్థాయికి లెక్క ఉంది. నిమిషానికి 1200 చుట్లు తిరిగే ఇంజన్ సెకనుకు 20 చుట్లు తిరుగుతుంది. ముందు గేరుకు 17 పళ్లుంటే సెకనుకు 340 తాకిళ్లు, అంటే 340 హెర్ట్జ్ ధ్వని. పై ఉదాహరణలో లే షాఫ్ట్ సెకనుకు దాదాపు 7.9 చుట్లు తిరుగుతుంది, దాని 13 పళ్ల గేరు సుమారు 103 హెర్ట్జ్ ధ్వని ఇస్తుంది. మెకానిక్ చెవి ఏళ్ల తరబడి నేర్చుకున్నది ఈ తేడానే. అదే ధ్వనిని ఇప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి, పౌనఃపున్యాలను విడదీసి చూపే ఆప్‌తో విశ్లేషించి, ఇంజన్ వేగంతో భాగిస్తే మూత విప్పకుండానే పళ్ల సంఖ్యను అంచనా వెయ్యవచ్చు.

కాలికి తెలిసేది ఇంకొకటి. మోటారు బండ్ల తొలినాళ్లలో గేర్లను షాఫ్ట్ మీద జరిపి ఒకదానితో ఒకటి కలిపేవారు. తర్వాత గేర్లు ఎప్పుడూ కలిసే ఉండి, వాటి పక్కన ఉండే పళ్ల కప్లింగు మాత్రమే జరిగే పద్ధతి వచ్చింది. 1928లో కాడిలాక్ కార్లలో సింక్రోమెష్ వచ్చింది. కలవబోయే రెండు భాగాల వేగాలను ఒక చిన్న శంఖాకారపు రింగు ముందుగా రాపిడితో సమానం చేస్తుంది. లారీల్లోకి ఇది నెమ్మదిగా దిగింది. పై గేర్లకు సింక్రో ఉండి, ఫస్టు, రివర్సులకు లేని బాక్సులు చాలా ఉన్నాయి.

సింక్రో లేని గేరుకు డ్రైవరే సింక్రో. పాత డ్రైవర్లు 'డబుల్ క్లచ్' అనేది అదే. నిష్పత్తి 1.5 ఉన్న గేరులో ఇంజన్ నిమిషానికి 1200 చుట్లు తిరుగుతూ ఉందనుకుందాం. అదే బండి వేగంలో 2.5 నిష్పత్తి ఉన్న కింది గేరుకు రావాలంటే ఇంజన్ 2000 చుట్ల వేగానికి చేరాలి, లే షాఫ్ట్ వేగం కూడా అదే పాళ్లలో పెరగాలి. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి యాక్సిలరేటర్ ఇచ్చి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వెయ్యడం ఆ లోటు పూడ్చడానికే. డబుల్ క్లచ్ లేకుండా ఏ గేరు మెత్తగా పడుతుందో, ఏది గరగరమంటుందో రాసుకుంటే బాక్సు తరం తెలిసిపోతుంది.

పొరబడితే నష్టమేమిటి?

పేరు తెలియకపోతే ఏం, బండి నడిస్తే చాలదా అనేవారూ ఉన్నారు. చాలదు. మొదటి కారణం నూనె. సింక్రో రింగులు సాధారణంగా ఇత్తడి, కంచు లాంటి రాగి మిశ్రమాలవి. డిఫరెన్షియల్‌లోని తీవ్ర ఒత్తిడి కోసం చేసిన జీఎల్-5 తరగతి నూనెల్లో గంధకం, ఫాస్ఫరస్ సమ్మేళనాలు ఎక్కువ. వాటిలో కొన్ని రాగి మిశ్రమాలను నెమ్మదిగా తినేస్తాయి. పైగా సింక్రో రింగుకు కొంత రాపిడి కావాలి, మరీ జారుడు నూనె పోస్తే అది పని చెయ్యదు. 'ఖరీదైన నూనె కదా, మంచిదే' అని పోస్తే బాక్సుకు చేటు చేసినట్టే.

రెండో కారణం ప్రాణాలకు సంబంధించినది. 12 టన్నుల లారీ 100 మీటర్లకు 8 మీటర్లు దిగే ఘాట్ రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో దిగుతూ ఉందనుకుందాం. వేగం పెరగకుండా ఉండాలంటే సెకనుకు దాదాపు 78 వేల జౌళ్ల శక్తిని ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. 78 కిలోవాట్లు, అంటే కిలోవాట్ హీటర్లు 78 ఒకేసారి వెలిగించినంత వేడి. గాలి, టైర్లు కొంత తీసుకుంటాయి. మిగతాది ఇంజన్ పంచుకోకపోతే బ్రేకు డ్రమ్ముల మీదే పడుతుంది. ఇంజన్ పంచుకోవాలంటే కింది గేరు పడాలి. ఆ గేరుకు సింక్రో ఉందనుకుని నెట్టిన డ్రైవరు చేతిలో గేరు రాడ్డు న్యూట్రల్‌లో ఆగిపోతే ఇంజన్ సాయం ఆ క్షణమే పోతుంది. గేరు నాబ్ మీద గీసిన బొమ్మ వేరే బండిది కావచ్చు కూడా. ప్రదర్శన కోసం పాత లారీని బయటికి తీసేవారికి ఈ తెలివిడి అలంకారం కాదు.

అడగాల్సింది కొంచెమే

పాత లారీలు పొగ కక్కుతాయి, వాటిని వెనకేసుకు రావడమేమిటన్న అభ్యంతరం న్యాయమైనదే. పని చేసే రోడ్ల మీద అవి ఉండాలని ఎవరూ కోరకూడదు. తుక్కు విధానం ఉద్దేశం మంచిది. కానీ వింటేజ్ నిబంధనలే ఆ బండ్లను రోజువారీ వాడకానికి, వ్యాపారానికి అనుమతించవు. ప్రదర్శన, సాంకేతిక పరిశోధన, మరమ్మతు లాంటి అవసరాలకే అనుమతి. అవే షరతులతో లారీలకూ చోటు ఇస్తే గాలికి వచ్చే ముప్పు ఏమంత ఉండదు. రైల్వేలు 1855 నాటి ఫెయిరీ క్వీన్ ఆవిరి ఇంజన్‌ను దాచుకున్నాయి. దానివల్ల కొత్త రైళ్లకు అడ్డేమీ రాలేదు. హర్యానాలోని తావడూలో ఉన్న హెరిటేజ్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం లాంటి ప్రయత్నాలు దారి చూపుతున్నాయి. కానీ ఒక మ్యూజియం గోడల మధ్య పట్టే బండ్లు ఎన్ని?

అన్ని లారీలనూ దాచలేం, దాచనవసరమూ లేదు. వాటి సమాచారాన్ని దాచడం మాత్రం తేలిక. తుక్కు కేంద్రానికి వచ్చిన పాత లారీని కోసే ముందు ఇంజన్, గేరుబాక్సు, ఇరుసుల మీది నంబర్ల ఫోటోలు తియ్యాలి. బోల్టుల అమరిక, గేర్ల సంఖ్య, వీలైతే పళ్ల లెక్క రాసుకోవాలి. 2023 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్‌ను పొడిగించడం లేదు. అవి వింటేజ్ కావు, కానీ ఇప్పుడు రాసుకోకపోతే ఇంకో ముప్పై ఏళ్లకు వాటి గురించీ ఇదే వెతుకులాట తప్పదు.

ఈ పని చెయ్యగలవాళ్లు కొత్తగా పుట్టనక్కర్లేదు. ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు ప్రతి జిల్లాలో ఉన్నాయి. డీజిల్ మెకానిక్ కోర్సు చదివే విద్యార్థి ఒక పాత బాక్సును కొలిచి, పట్టికలో ఒక వరుస నింపడం రికార్డు పుస్తకంలో పాత బొమ్మను చూసి గీయడం కంటే మేలైన ప్రాక్టికల్. కొలతలో పొరపాటు, నిష్పత్తి, రాపిడి, ధ్వని, లోహాల తుప్పు అన్నీ అందులో ఉన్నాయి. పక్కన ఒక వృద్ధ మెకానిక్‌ను కూర్చోబెట్టి, ఆయన చెవితో చెప్పిన పేరును విద్యార్థి సుద్దముక్కతో సరిచూస్తే ఇద్దరి విద్యా నిలుస్తుంది. ఆయన చెప్పింది తప్పైతే అదీ తెలియాలి. నోటిమాటగా వచ్చిన జ్ఞానాన్ని గౌరవించడమంటే దాన్ని పరీక్షకు నిలబెట్టడమే.

ఆ పట్టిక అందరికీ ఉచితంగా దొరకాలి, భారతీయ భాషల్లో ఉండాలి. పాత లారీల తయారీదార్లు తమ దగ్గరున్న విడిభాగాల పుస్తకాలను బయటపెడితే పని సగమవుతుంది. అరవై ఏళ్ల కిందటి గేరు పళ్ల సంఖ్యలో ఇప్పుడు దాచుకోవాల్సిన వ్యాపార రహస్యం ఏమీ లేదు. కేంద్రం చెయ్యాల్సింది వింటేజ్ నిబంధనల్లో సరుకు వాహనాల వర్గాన్ని చేర్చడం, తుక్కు కేంద్రాల పత్రాల్లో ఒక పేజీ పెంచడం. లారీ ఇనుము కొలిమికి పోయినా ఫరవాలేదు. అది ఏమిటో రాసుకున్నాకే పోనివ్వాలి.